ఫైళ్ళను డీవీడీగా మార్చాలి: ఏ ఎన్‌కోడర్ వాడితే మంచిది?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న పాత వీడియోలన్నీ డీవీడీలుగా మార్చి పెద్దవాళ్ళకు ఇవ్వాలి. వాళ్ళ దగ్గర టీవీ, డీవీడీ ప్లేయర్ తప్ప ఇంకేమీ లేవు. డిస్క్ పెట్టి ప్లే నొక్కితే బొమ్మ రావాలి, అంతే.

నా దగ్గర మూడు రకాల ఫైళ్ళున్నాయి. పాత డీవీ క్యామ్‌కార్డర్ టేపుల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఏవీఐ ఫైళ్ళు, దాదాపు గంటన్నర. ఆ తర్వాత కొన్న హెచ్‌డీ కెమెరా ఎంటీఎస్ ఫైళ్ళు ముప్పావు గంట. ఫోన్‌లో తీసిన ఎంపీ4లు గంటంపావు. అంతా కలిపి మూడున్నర గంటలు. వీలైతే ఒకే డిస్క్‌లో పట్టించాలని ఉంది.

ఏ సాఫ్ట్‌వేర్ అని వెతికితే పాతిక పేర్లు వస్తున్నాయి. ప్రతి ఒక్కటీ తనదే బెస్ట్ అంటోంది. డబ్బు పెట్టి కొనడానికి ఇబ్బంది లేదు, కానీ క్వాలిటీలో తేడా కనిపిస్తేనే. వాడినవాళ్ళు చెప్పండి. విండోస్ కంప్యూటర్.

మబ్బుతునక:
హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఉచితం, వాడటం చాలా తేలిక. నేను అన్నీ దాంతోనే మారుస్తాను.

బిట్‌రేట్ బాబాయ్:
మబ్బుతునక గారూ, హ్యాండ్‌బ్రేక్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ ఈ పనికి కాదు. అది డీవీడీని ఎంపీ4గానో ఎంకేవీగానో మార్చడానికి. ఇక్కడ కావలసింది దానికి తిరగబడ్డ పని. అందులో ఎంపెగ్-2 ఎంచుకునే వీలున్నా బయటికి వచ్చేది డీవీడీ ప్లేయర్ చదివే డిస్క్ నిర్మాణం కాదు.

కొత్తచిగురు గారూ, పేర్ల జోలికి పోయేముందు ఒక సంగతి. డీవీడీ చేయడమంటే ఒకే పని అనిపిస్తుంది కానీ అందులో మూడు పనులున్నాయి. మొదటిది ఎన్‌కోడింగ్: వీడియోను ఎంపెగ్-2గా, ఆడియోను సాధారణంగా ఏసీ3గా మార్చడం. రెండోది ఆథరింగ్: ఆ రెండిటినీ కలిపి చాప్టర్లు, మెనూలు పెట్టి వీడియో టీఎస్ ఫోల్డర్‌గా తయారు చేయడం. వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్ళు ఉండేది అందులోనే. మూడోది బర్నింగ్. మీరు చూసిన పాతిక పేర్లలో కొన్ని మొదటి పని మాత్రమే చేస్తాయి, కొన్ని చివరి పని మాత్రమే, కొన్ని మూడూ చేస్తాయి. వాటన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టి "ఏది బెస్ట్" అంటే జవాబు దొరకదు.

డీవీడీ గీసిన గీతలు కూడా గట్టివి. పాల్ (భారత్, యూరప్ టీవీ పద్ధతి) అయితే 720x576, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) అయితే 720x480, సెకనుకు 29.97. వీడియో బిట్‌రేట్ (సెకనుకు ఖర్చయ్యే డేటా) ఎక్కువలో ఎక్కువ 9.8 మెగాబిట్లు, ఆడియో, సబ్‌టైటిళ్ళు అన్నీ కలిపి 10.08 దాటకూడదు. ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. ఈ గీత దాటిన డిస్క్ కంప్యూటర్‌లో ఆడుతుంది, ప్లేయర్‌లో ఆగిపోతుంది. అందుకే "ఎంపెగ్-2 చేస్తుంది" అన్న మాట ఒక్కటి చాలదు, డీవీడీ నియమాలకు లోబడి చేస్తుందా అన్నది చూడాలి.

తెరచాప:
బాబాయ్ గారు చెప్పింది నిజమే, కానీ కొత్తవాళ్ళకు మూడు సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడం టెన్షన్. ఫైళ్ళు పడేస్తే డిస్క్ చేతికొచ్చేవి ఉన్నాయి కదా. డబ్బు పెట్టగలిగితే కన్వర్ట్ ఎక్స్ టు డీవీడీ, ఉచితంగా కావాలంటే ఏవీఎస్ టు డీవీడీ లేదా డీవీడీ స్టైలర్. మెనూలు అందంగా కావాలంటే డీవీడీ స్టైలర్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లోనూ నడుస్తుంది. డీవీడీ ఫ్లిక్ పేరు చాలా చోట్ల కనిపిస్తుంది, అది కూడా తేలికే. కానీ 2009 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. ఫోన్ వీడియోలకు నేనైతే దాన్ని సిఫారసు చేయను.

నిప్పురవ్వ:
ఇవన్నీ పై తొడుగులండీ. డీవీడీ ఫ్లిక్ లోపల, డీవీడీ స్టైలర్ లోపల పని చేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత కమాండ్ లైన్ ఎన్‌కోడరే. నేరుగా దాన్నే వాడొచ్చు. టార్గెట్ అనే ఆప్షన్‌కి పాల్-డీవీడీ అని ఇస్తే సైజు, ఫ్రేమ్ రేటు, ఏసీ3 ఆడియో, బఫర్ అన్నీ అదే పెట్టుకుంటుంది. ఒక్క లైను. దాని కోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

బిట్‌రేట్ బాబాయ్:
నిప్పురవ్వ గారూ, ఆ లైను మంచిదే కానీ దాన్ని అలాగే ఇచ్చి వదిలేస్తే కొత్తవాళ్ళు ఇబ్బంది పడతారు. ఆ టార్గెట్ వీడియోకు 6000 కిలోబిట్లు, ఆడియోకు 448 పెడుతుంది, వీడియో నిడివి ఎంతో చూడదు. గంటా ముప్పావు వీడియోకు అలా చేస్తే 5 జీబీ దాటుతుంది, సింగిల్ లేయర్ (ఒకే పొర ఉన్న మామూలు) డిస్క్‌లో పట్టదు. ముప్పావు గంట వీడియోకు అలా చేస్తే డిస్క్‌లో సగానికి పైగా ఖాళీగా మిగులుతుంది. బిట్‌రేట్ మనమే లెక్కగట్టి ఇవ్వాలి.

ఆ లెక్క ఒకసారి వస్తే ఏ సాఫ్ట్‌వేర్ వాడినా పనికొస్తుంది కాబట్టి చెబుతాను. సింగిల్ లేయర్ డిస్క్‌లో 4.7 బిలియన్ బైట్లు పడతాయి. విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది కాబట్టి అదే మనకు 4.37గా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. బైట్లను 8తో గుణిస్తే 37.6 బిలియన్ బిట్లు. దాన్ని వీడియో నిడివి సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చు పెట్టొచ్చో వస్తుంది. రెండు గంటలంటే 7200 సెకన్లు, అంటే 5222 కిలోబిట్లు. డిస్క్ నిర్మాణానికి ఓ 4 శాతం, ఆడియోకు 224 పక్కన పెడితే వీడియోకు దాదాపు 4800 మిగులుతాయి.

ఇప్పుడు కొత్తచిగురు గారి మూడున్నర గంటలు ఒకే డిస్క్‌లో అంటే 12600 సెకన్లు. వీడియోకు మిగిలేది 2640 కిలోబిట్లు. చేతిలో కెమెరా పట్టుకుని తీసిన వీడియోలకు అది చాలదు. చెయ్యి వణికిన ప్రతిసారీ ఫ్రేమ్ మొత్తం మారుతుంది, వెలుతురు తక్కువున్న గదిలో గ్రెయిన్ వస్తుంది. ఇవి రెండూ బిట్లను మింగేస్తాయి. మొహాల మీద గళ్ళు గళ్ళుగా పడుతుంది. ప్రపంచంలో ఎంత ఖరీదైన ఎన్‌కోడర్ తెచ్చినా దీన్ని కప్పిపుచ్చలేదు.

కొత్తచిగురు:
చాలా బాగా అర్థమైంది బాబాయ్ గారూ. అయితే రెండు డిస్కులు చేయాలా?

బిట్‌రేట్ బాబాయ్:
మూడు చేయండి. ఒక్కో కెమెరాకు ఒక్కో డిస్క్. దీనికి బిట్‌రేట్ ఒక్కటే కారణం కాదు.

మీ డీవీ టేపులు పాల్ కెమెరావి అయితే ఆ ఫైళ్ళు ఇప్పటికే 720x576లో, 25 ఫ్రేముల్లో, ఇంటర్లేస్డ్‌గా, అంటే ప్రతి ఫ్రేమూ సరి, బేసి లైన్ల రెండు ఫీల్డులుగా ఉంటాయి. డీవీడీకి సరిగ్గా అదే కావాలి. సైజు మార్చొద్దు, డీఇంటర్లేస్ చేయొద్దు (ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చొద్దు), ఉన్నది ఉన్నట్టు ఎన్‌కోడ్ చేయండి. ఒక్కటి చూసుకోవాలి: డీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. హెచ్‌డీ కెమెరాల ఇంటర్లేస్డ్ వీడియోలో సాధారణంగా పై ఫీల్డ్ ముందు వస్తుంది. ఎన్‌కోడర్‌కు ఇది తప్పుగా చెబితే టీవీలో కదిలే మనిషి ముందుకూ వెనక్కూ ఊగుతూ కనిపిస్తాడు. కంప్యూటర్ ప్లేయర్లు చాలావరకు డీఇంటర్లేస్ చేసి చూపిస్తాయి కాబట్టి ఈ లోపం అక్కడ సరిగ్గా బయటపడదు. టీవీ మీదే చూడాలి.

గంటన్నర ఒక్క డిస్క్‌లో అంటే వీడియోకు 6400 కిలోబిట్లు వస్తాయి. ఫోన్ వీడియోల గంటంపావుకు 7800 వరకు వెళ్ళొచ్చు. ముప్పావు గంట ఎంటీఎస్‌లకైతే లెక్క ప్రకారం డీవీడీ హద్దునే దాటిపోతుంది, 8000 దగ్గర ఆపండి. అంతకు మించి సగటు పెడితే కొన్ని పాత ప్లేయర్లు తడబడతాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. 6000 పైన ఉన్న బిట్‌రేట్‌లో హెచ్‌సీ ఎన్‌కోడర్, ఎఫ్ఎఫ్ఎంపెగ్, టీఎంపీజీ ఎంక్, మెయిన్‌కాన్సెప్ట్ వీటి మధ్య తేడా టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు కనిపించదు. ఫ్రేము ఆపి, పెద్దది చేసి, పక్కపక్కన పెట్టి చూస్తే కనిపిస్తుంది. ఎన్‌కోడర్ల సత్తా తేలేది బిట్లు తక్కువైనప్పుడే. ఉన్న నీళ్ళు చాలినన్ని ఉంటే ఏ పొలానికి ఎప్పుడు మడవ తిప్పాలన్న నేర్పుతో పనిలేదు. కాబట్టి డబ్బు సాఫ్ట్‌వేర్ మీద పెట్టొద్దు. మంచి కంపెనీ ఖాళీ డిస్కుల మీద పెట్టండి.

తెరచాప:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. కానీ పెయిడ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఎన్‌కోడర్ కోసమే కాదు కదా. ఎంటీఎస్, ఎంపీ4, ఏవీఐ ఏది పడేసినా దిగుమతి చేసుకోవడం, ప్రివ్యూ చూపించడం, క్లిప్పులు కత్తిరించుకునే వీలు, ఇవన్నీ ఉంటాయి. టీఎంపీజీ ఎంక్ వాళ్ళ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ ఇప్పటికే డీవీడీ నియమాలకు సరిపోయి ఉంటే మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరించిన చోట మాత్రమే చేస్తుంది. డీవీడీ రికార్డర్లలో చేసిన పాత డిస్కులున్నవాళ్ళకు అది చాలా విలువైన సౌకర్యం.

నిప్పురవ్వ:
ఉన్నవి మూడే డిస్కులు తెరచాప గారూ. కత్తిరించడానికి ఉచిత ఎడిటర్లు ఉన్నాయి.

బాబాయ్ గారి మాటకు ఒక చేర్పు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడేవాళ్ళు రెండు పాస్‌లలో చేయండి. మొదటి పాస్‌లో అది వీడియో మొత్తం చూసి ఎక్కడ కష్టమో రాసుకుంటుంది, రెండో పాస్‌లో బిట్లు పంచుతుంది. ఒకే పాస్‌లో సగటు బిట్‌రేట్ ఇస్తే మున్ముందు ఏం రాబోతోందో దానికి తెలియదు. ఇంకొకటి, డీసీ ప్రెసిషన్ అని ఒక సెట్టింగ్ ఉంది. మామూలుగా 8 బిట్లు. బిట్‌రేట్ ధారాళంగా ఉన్నప్పుడు 10 పెడితే ఆకాశం, ఖాళీ గోడ లాంటి చోట్ల రంగు మెట్లు మెట్లుగా విడిపోవడం తగ్గుతుంది. డీవీడీ 10 వరకు ఒప్పుకుంటుంది.

మబ్బుతునక:
నా గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేస్తే త్వరగా అవుతుంది కదా? అలా చేసేది చూసుకుంటే సరిపోదా?

నిప్పురవ్వ:
ఎన్‌విడియా కార్డుల ఎన్‌కోడర్ హెచ్.264, హెచ్.265 లాంటివి చేస్తుంది, ఎంపెగ్-2 చేయదు. ఇంటెల్ క్విక్ సింక్ ఉన్న కొన్ని ప్రాసెసర్లలో ఎంపెగ్-2 ఉంది. కానీ డీవీడీ సైజు వీడియో ఇవాళ్టి ప్రాసెసర్‌కు చాలా చిన్న పని, నిజ సమయం కంటే ఎన్నో రెట్లు వేగంగా అయిపోతుంది. "గ్రాఫిక్స్ కార్డుతో డీవీడీ పది రెట్లు వేగం" అనే ప్రకటన చూసి ఏదీ కొనకండి.

వానచినుకు:
ఎంటీఎస్ ఫైళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు తెలిసింది చెబుతాను. అవి 1080 లైన్ల ఇంటర్లేస్డ్ అయితే నేరుగా 576కి కుదించకూడదు. రెండు వేర్వేరు క్షణాల ఫీల్డులు ఒకే ఫ్రేములో అల్లుకుని ఉంటాయి. వాటిని పట్టించుకోకుండా కుదిస్తే రెండూ కలిసిపోయి, కదలిక ఉన్న చోటల్లా నీడలు పడతాయి. సరైన దారి ఏమిటంటే, ముందు ఫీల్డులు విడదీసి సెకనుకు 50 పూర్తి ఫ్రేములు చేయడం, తర్వాత కుదించడం, ఆ తర్వాత మళ్ళీ ఇంటర్లేస్డ్‌గా అల్లడం. ఏవీఐ సింత్‌లో (స్క్రిప్టులతో వీడియోను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేసింగ్ స్క్రిప్టుతో ఇది చక్కగా అవుతుంది. అంత ఓపిక లేకపోతే యాడిఫ్ లాంటి ఫిల్టర్‌తో మామూలుగా డీఇంటర్లేస్ చేసి 25 ఫ్రేములు చేసుకోవచ్చు. బొమ్మ శుభ్రంగానే ఉంటుంది. పిల్లలు పరిగెత్తే సీన్లలో ఆ ఒరిజినల్ నునుపు మాత్రం పోతుంది. నాకు ఆ నునుపు ముఖ్యం. అది పోతే ఇంటి వీడియో సినిమాలా కనిపిస్తుంది, ఆ రోజు ఎదురుగా ఉన్నట్టు కనిపించదు.

రంగుల విషయం కూడా. హెచ్‌డీ వీడియోకు 709 అనే రంగుల లెక్క, డీవీడీకి 601. సైజు తగ్గించేటప్పుడు దీన్ని కూడా మార్చాలి. మార్చకపోతే ఎరుపు, ఆకుపచ్చ కొంచెం పక్కకు జరుగుతాయి, మనుషుల చర్మం రంగు సహజంగా ఉండదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే చేస్తాయి, కొన్ని చేయవు. ఒక క్లిప్ మార్చి ఒరిజినల్ పక్కన పెట్టి చూడండి. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే.

బిట్‌రేట్ బాబాయ్:
వానచినుకు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎన్‌కోడర్ కంటే ముందు జరిగే ఈ పనుల్లోనే క్వాలిటీ ఉంటుంది. అక్కడ పాడైన బొమ్మను ఏ ఎన్‌కోడర్ కూడా బాగుచేయదు.

కొత్తచిగురు:
ఫోన్ వీడియోలకు ఏమైనా జాగ్రత్తలున్నాయా? ఒక పెయిడ్ కన్వర్టర్ ట్రయల్ వెర్షన్‌లో ఒక క్లిప్ మార్చి చూశాను. మొదట్లో బాగానే ఉంది, చివరికి వచ్చేసరికి పెదాలకు మాటలు కలవడం లేదు.

నిప్పురవ్వ:
మీ ఫోన్ ఫ్రేమ్ రేటు స్థిరంగా లేదు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి, ప్రాసెసర్ మీద పడే భారాన్ని బట్టి ఫ్రేముల మధ్య వ్యవధి మారుస్తుంటాయి. మీడియా ఇన్ఫో అనే, ఫైల్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటుంది. డీవీడీకి స్థిరమైన రేటు కావాలి. ఆ కన్వర్టర్ ఫ్రేముల టైమ్ స్టాంపులు చూడకుండా వరుసగా పేర్చుకుంటూ పోయి ఉంటుంది. అందుకే వీడియో పొడవయ్యేకొద్దీ తేడా పెరిగింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఎఫ్‌పీఎస్ ఫిల్టర్ టైమ్ స్టాంపులు చూసి అవసరమైన చోట ఫ్రేమ్ కలుపుతుంది, తీసేస్తుంది. ఆడియో జారదు.

బిట్‌రేట్ బాబాయ్:
ఫోన్ వీడియో సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు. దాన్ని పాల్ కోసం 25 చేస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. కెమెరా పక్కకు తిప్పిన చోటల్లా బొమ్మ గెంతుతున్నట్టు కనిపిస్తుంది. కళ్ళకు ఇబ్బంది. అదే ఎన్‌టీఎస్‌సీ డీవీడీ చేస్తే 29.97 కాబట్టి దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది. పాల్ ప్రాంతాల ప్లేయర్లు, టీవీలు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ డిస్కులు కూడా ఆడిస్తాయి. ఎన్‌టీఎస్‌సీ ప్రాంతాల ప్లేయర్లు పాల్ డిస్కులను ఆడించడం మాత్రం అంత నమ్మకం కాదు. ఒకే డిస్క్‌లో రెండూ కలపకూడదు. మూడు డిస్కులు చేయమన్నది ఇందుకు కూడా. ఫోన్ డిస్క్ ఒక్కటి ఎన్‌టీఎస్‌సీగా చేయండి, ముందు ఒక చిన్న డిస్క్‌తో ఆ ప్లేయర్‌లో పరీక్షించాకే.

నిలువుగా తీసిన క్లిప్పులుంటే రెండు పక్కలా నల్లగా వదిలేయండి. సాగదీయొద్దు, కత్తిరించొద్దు. తలలు తెగిపోయిన వీడియో ఎవరికీ వద్దు.

వానచినుకు:
వైడ్‌స్క్రీన్ గుర్తు కూడా మర్చిపోవద్దు. డీవీడీ పిక్సెళ్ళు చతురస్రాలు కావు. 16:9 అయినా 4:3 అయినా ఫ్రేము అదే 720x576, ఎలా చూపించాలో చెప్పేది ఆ ఫ్లాగ్ మాత్రమే. అది తప్పితే మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తారు. డీవీ టేపులు పాతవి కాబట్టి 4:3 అయి ఉండొచ్చు, మిగతావి 16:9. ఒకే డిస్క్‌లో రెండూ పెట్టాల్సి వస్తే వేర్వేరు టైటిల్‌సెట్లలో (డిస్క్‌లో ఒకే రకం వీడియోలుండే విభాగాలు) పెట్టాలి. డీవీడీ స్టైలర్‌లో టైటిల్‌సెట్ కలిపే వీలుంది.

సబ్‌టైటిళ్ళు పెట్టేవాళ్ళకు ఒక మాట. డీవీడీలో సబ్‌టైటిల్ అక్షరాలుగా ఉండదు, నాలుగు రంగుల బొమ్మగా ఉంటుంది. ఆ బొమ్మను గీసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు లిపిని కలిపి రాయడం తెలియకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి, చదవలేం. సబ్‌టైటిల్ ఎడిట్‌లో తెలుగు సరిగ్గా కనిపిస్తున్న ఫాంట్ పెట్టుకుని వాబ్‌సబ్‌గా (బొమ్మల రూపంలోని సబ్‌టైటిల్ ఫైల్) ఎగుమతి చేసి ఆ బొమ్మల్నే వాడండి. లేదా ఎన్‌కోడ్ చేసేటప్పుడే బొమ్మ మీద శాశ్వతంగా ముద్రించేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లిబాస్ అనే సబ్‌టైటిల్ గీసే భాగం ద్వారా చేస్తే ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టండి, ఈ రిజల్యూషన్‌లో సన్న గీతలు నిలవవు.

నల్లరేగడి:
ఈ చర్చ చూసి నా సందేహం కూడా అడుగుతున్నాను. నా దగ్గర ఒక పాఠం రికార్డింగ్ ఉంది, నాలుగు గంటలు. స్థిరంగా నిలబెట్టిన కెమెరా, ఒక మనిషి, ఒక బోర్డు. దీన్ని విడదీయకుండా ఒకే డిస్క్‌లో ఇవ్వాలి. అప్పుడు ఎన్‌కోడర్ ఎంపిక ముఖ్యమవుతుందా?

బిట్‌రేట్ బాబాయ్:
అవుతుంది నల్లరేగడి గారూ. ఇలాంటి చోటే ఎన్‌కోడర్లను వేరు చేసి చూడాలి.

సింగిల్ లేయర్‌లో నాలుగు గంటలంటే వీడియోకు దాదాపు 2300 కిలోబిట్లు. అంత తక్కువకు నా అనుభవంలో హెచ్‌సీ ఎన్‌కోడర్ రెండు పాస్‌లలో ఇచ్చే ఫలితం ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలు సెట్టింగులతో ఇచ్చేదానికంటే నిలకడగా ఉంటుంది. ఉచితమే. అది వీడియో మాత్రమే చేస్తుంది, ఆడియో విడిగా చేసుకోవాలి. దానికి వీడియోను ఏవీఐ సింత్ స్క్రిప్టు ద్వారా ఇవ్వాలి. ఇదంతా చేతితో చేయడం కష్టమనుకుంటే తెరచాప గారు మొదట్లో చెప్పిన ఏవీఎస్ టు డీవీడీ తీసుకోండి. అది లోపల స్క్రిప్టు రాసుకుని హెచ్‌సీకి ఇచ్చి, ఆడియో చేసి, ఆథరింగ్ కూడా పూర్తి చేస్తుంది. నిడివి చూసి బిట్‌రేట్ తనే లెక్కగడుతుంది.

డబ్బు పెట్టేవాళ్ళకు సినిమా క్రాఫ్ట్ ఎన్‌కోడర్ ఒకప్పుడు స్టూడియోల్లో పెద్ద పేరు. ఇప్పుడు కొత్తగా వెతికి సంపాదించాల్సినంత అవసరం నాకు కనిపించడం లేదు.

ఇంకో దారి రిజల్యూషన్ తగ్గించడం. 352x576 కూడా డీవీడీ ఒప్పుకునే సైజే. పిక్సెళ్ళు సగమవుతాయి కాబట్టి ఉన్న బిట్లు సరిపోతాయి, గళ్ళు పడవు. కానీ అడ్డంగా వివరం తగ్గుతుంది. మీ వీడియోలో బోర్డు మీద రాత ఉంది కాబట్టి నేను వద్దంటాను, రాత మసకబారుతుంది. కెమెరా కదలదు, మనిషి పెద్దగా కదలడు. పూర్తి రిజల్యూషన్‌లో 2300 మీకు సరిపోయే అవకాశం ఉంది. పది నిమిషాల ముక్క చేసి బోర్డు చదవగలుగుతున్నారో లేదో చూడండి.

నిప్పురవ్వ:
హెచ్‌సీ గురించి బాబాయ్ గారితో పూర్తిగా ఏకీభవించను. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని మామూలు సెట్టింగులతో పోల్చడం న్యాయం కాదు. ట్రెల్లిస్ క్వాంటైజేషన్ ఆన్ చేసి, మ్యాక్రోబ్లాక్ నిర్ణయం రేట్-డిస్టార్షన్ పద్ధతికి మార్చి, రెండు పాస్‌లు చేస్తే తేడా చాలా తగ్గుతుంది. పైగా అది లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, ఇప్పటికీ అభివృద్ధిలో ఉంది. హెచ్‌సీ విండోస్‌కే పరిమితం, దాని పని ఏనాడో ఆగిపోయింది.

బిట్‌రేట్ బాబాయ్:
ఆ సెట్టింగులతో తేడా తగ్గుతుంది, అది ఒప్పుకుంటాను. ఆగిపోయిందన్నది మాత్రం లోపంగా చూడను. ఎంపెగ్-2 ప్రమాణం మారదు, డీవీడీ నియమాలు మారవు. పని పూర్తయిన సాఫ్ట్‌వేర్ అది. విండోస్‌లో లేనివాళ్ళకు మాత్రం మీ దారే దారి.

కొత్తచిగురు:
డీవీ డిస్క్ పూర్తి చేశాను. ఏవీఎస్ టు డీవీడీ, హెచ్‌సీ, రెండు పాస్‌లు, 6400. కింది ఫీల్డ్ ముందు అని పెట్టి రీరైటబుల్ డిస్క్ మీద ముందు పరీక్షించాను. టీవీలో టేపు నేరుగా పెట్టి చూసినట్టే ఉంది. ఫోన్ వీడియోల ఎన్‌టీఎస్‌సీ డిస్క్ కూడా ఆ ప్లేయర్ ఆడించింది, మాటలు చివరిదాకా కలిశాయి. ఎంటీఎస్‌లకు క్యూటీజీఎంసీ స్క్రిప్టు నడుస్తోంది, నెమ్మదిగానే ఉంది కానీ వచ్చినంత వరకు చూస్తే వానచినుకు గారు చెప్పిన నునుపు ఏమిటో తెలిసింది. అందరికీ కృతజ్ఞతలు.

అసలు కాపీలు బర్న్ చేయడానికి ఏది వాడాలి? ఫోల్డర్‌ను విండోస్‌లోనే డిస్క్ మీదకు లాగి వదిలేయొచ్చా?

తెరచాప:
లాగి వదిలేయొద్దు. అలా చేస్తే ఫైల్ సిస్టమ్ డీవీడీ వీడియోకు కావలసింది రాకపోవచ్చు, ఫైళ్ళ క్రమం కూడా తప్పొచ్చు. ఇమ్‌గ్‌బర్న్ ఉచితం. బిల్డ్ మోడ్‌లో వీడియో టీఎస్ ఫోల్డర్ ఇస్తే ఇది డీవీడీ వీడియో అని గుర్తుపట్టి సెట్టింగులు తనే సరిచేస్తానని అడుగుతుంది, ఒప్పుకోండి. డిస్క్ మీద 16ఎక్స్ అని ఉన్నా 8ఎక్స్ దగ్గర బర్న్ చేయండి, వెరిఫై టిక్ తీయకండి. డిస్క్ మీద కాగితం స్టిక్కర్లు అంటించొద్దు, బరువు ఒక పక్కకు పడి ప్లేయర్‌లో ఊగుతుంది. డిస్కుల కోసం వాడే మార్కర్‌తో రాయండి.

వానచినుకు:
డిస్కులు అయిపోయాక ఒరిజినల్ ఫైళ్ళు దయచేసి చెరిపేయకండి. డీవీడీ చూడటానికి చేసుకున్న కాపీ మాత్రమే. ఎంటీఎస్, ఫోన్ వీడియోల్లో ఉన్న వివరంలో చాలా భాగం డీవీడీలో ఉండదు, తిరిగి తెచ్చుకోలేం. బర్న్ చేసిన డిస్కు రంగు పొర కూడా ఎండకు, వేడికి పాడవుతుంది. హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంకో చోట ఒకటి, రెండు కాపీలుంచండి. టేపులు ఇప్పటికీ ఉంటే అవి కూడా.

నల్లరేగడి:
బాబాయ్ గారూ, పది నిమిషాల ముక్క చేశాను. బోర్డు రాత చదవగలుగుతున్నా కానీ సుద్దతో సన్నగా రాసిన చోట అంచులు చెదురుతున్నాయి. డ్యూయల్ లేయర్ డిస్క్‌కు వెళ్ళాలా? మధ్యలో ఆగుతుందని విన్నాను.

బిట్‌రేట్ బాబాయ్:
వెళ్ళండి. డ్యూయల్ లేయర్‌లో 8.5 బిలియన్ బైట్లు, మీ నాలుగు గంటలకు 4300 కిలోబిట్లు వస్తాయి. స్థిరమైన కెమెరాకు అది పుష్కలం. డీవీడీ ప్లస్ ఆర్ డ్యూయల్ లేయర్ డిస్క్ తీసుకుని, మీ డ్రైవ్ ఒప్పుకుంటే బుక్ టైప్ (డిస్క్ ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) డీవీడీ-రోమ్‌గా పెట్టండి. రోమ్ అంటే చదవడానికి మాత్రమే ఉండే ఫ్యాక్టరీ డిస్క్ రకం, ఆర్ ఓ ఎం. పాత ప్లేయర్లు ఆ గుర్తు చూస్తే ఎక్కువగా ఒప్పుకుంటాయి.

ఆగడం గురించి: లేజర్ మొదటి పొర నుంచి రెండో పొరకు మారేటప్పుడు కొన్ని ప్లేయర్లలో బొమ్మ ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ మార్పు ఎక్కడ పడాలో మీరే చెప్పొచ్చు. ఎక్కడ పడితే అక్కడ కాదు, సెల్ (వీడియో లోపలి చిన్న ముక్క, చాప్టర్ పెట్టిన చోట కొత్తది మొదలవుతుంది) మొదలయ్యే చోటే, అదీ మొదటి పొరలో ఉన్న డేటా రెండో దానికంటే తగ్గకుండా. అంటే మీ వీడియోలో సగం దాటిన వెంటనే వచ్చే చోటు వెతకాలి. మూడో గంట మొదట్లో మాట్లాడేవారు బోర్డు తుడిచే చోటో, నీళ్ళు తాగే చోటో ఉంటుంది కదా, అక్కడ ఒక చాప్టర్ పెట్టండి. అలాంటివి రెండు మూడు చోట్ల పెడితే ఇంకా మంచిది. ఇమ్‌గ్‌బర్న్ వీలున్న స్థానాల జాబితా చూపించినప్పుడు వాటిలో ఒకటి ఎంచుకోండి.